వెర్లిన్ తుపాకులూ, కూలిన నేలా

పెర్సిమన్ గ్యాప్‌లో ఎవరిని కదిపినా ఈ మాట చెబుతారు. వెర్లిన్ స్టబుల్‌ఫీల్డ్ ఇంట్లో తుపాకులు ఎంతగా పేరుకుపోయాయంటే, ఆ బరువుకి వెనక గది నేల కాస్తా కూలిపోయిందట. దాణా కొట్టు దగ్గర చెప్పేవాళ్ళు రైఫిళ్ళన్నీ కట్టెలమోపు విడిపోయినట్టు జారి నేలకింద పడ్డాయంటారు. మంగలి షాపువాళ్ళు అక్కడితో ఆగరు. పడటంలో ఒకటి పేలి వెర్లిన్ టోపీని ఎగరగొట్టిందని కూడా కలుపుతారు. చర్చి ఆడవాళ్ళలో పెద్దరికమంతా తనదే అనుకునే జెరల్డీన్ ప్రూయిట్ అయితే, ఆ చప్పుడు తన రెండు చెవులతో విన్నానని ఒట్టు వేసి మరీ చెబుతుంది.

వెర్లిన్‌ని అడిగితే కాదనడు. గడ్డం నిమురుకుని, "ఏం చేస్తాం, బరువైన సేకరణ," అంటాడు.

అతని భార్య ఒలీటాని మాత్రం ఎవరూ అడగలేదు. అడిగినా ఆమె చెప్పేది కాదు.

వెర్లిన్ ఉద్యోగం చేసినన్నాళ్ళూ గ్యాసు ట్యాంకరు నడిపాడు. కొండల్లో ఏ ఇంటికి వెళ్ళినా గ్యాసు నింపే లోపల ఆ ఇంటివాళ్ళతో కబుర్లేసుకునేవాడు. ఎవరు పోయారు, ఎవరి సామాను వేలానికి వస్తోంది అన్నది పాస్టరు కన్నా ముందు వెర్లిన్‌కే తెలిసేది. వేలాలకు అలా అలవాటు పడ్డాడు. మొదటి తుపాకీ వాళ్ళ నాన్నది. దానికి ఎవరూ వంక పెట్టలేరు. రెండోది జింకల వేటకి కొన్నాడు. మూడోది రెండోది పాడైతే ఉంటుందని. నాలుగోది ఎందుకు కొన్నాడో అతనికే తెలియదు. ఆ తరువాత కారణం అడిగేవాళ్ళు లేరు, చెప్పుకోవలసిన అవసరమూ పోయింది.

అవి ముందు బట్టల అలమరలో ఉండేవి. తరువాత మంచం కిందికి వెళ్ళాయి. ఆ తరువాత వెనక గది మొత్తం ఆక్రమించుకున్నాయి. మూడు గోడలకీ ఆనించి ఒకదాని మీద ఒకటి రైఫిళ్ళు. తలుపు దగ్గర పిస్తోళ్ళు పోసిన పాలక్యాను. నాలుగో మూలన, కిటికీ పక్కన, తుపాకులు వచ్చిన ఖాళీ అట్టపెట్టెలు. అవి కూడా పారెయ్యడు. అట్టపెట్టెతో సహా ఉంటే విలువ ఎక్కువట. ఏ అట్టపెట్టె ఏ తుపాకీదని అడిగితే మాత్రం, "అదంతా నా బుర్రలో ఉంది," అనేవాడు.

ఆ వెనక గది ఒలీటాకి రావలసింది. ఆమె తల్లి పోయేటప్పుడు బొంతలు కుట్టే చట్రాన్ని కూతురికిచ్చింది. ఇద్దరు మనుషుల పొడవు, నున్నటి ఓకు కర్రలు. అది పరచాలంటే ఒక గది ఖాళీగా ఉండాలి. గది లేక చట్రం గోదాము అటకెక్కింది, దాని మీద కోళ్ళు పడుకునేవి. చర్చి ఆడవాళ్ళు ప్రతి గురువారం కలిసి బొంత కుట్టేది జెరల్డీన్ ఇంట్లో. అక్కడ రంగులు జెరల్డీనే ఎంచేది, కుట్టు జెరల్డీనే దిద్దేది. ఒలీటా వేసిన కుట్లని అందరూ వెళ్ళాక విప్పి మళ్ళీ కుట్టేదని కూడా ఒలీటాకి తెలుసు. బతుకులో ఒక్క గురువారమైనా తన ఇంట్లో, తన తల్లి చట్రం చుట్టూ, తను ఎంచిన రంగులతో కూర్చోవాలన్నది ఆమె కోరిక. పెద్ద కోరికేం కాదు. కానీ ఆమెకీ దానికీ మధ్య ఒక గది నిండా ఇనుముంది.

"ఏమయ్యా, ఈ గదిలో ముక్కిపోయిన వాసన వస్తోంది," అందొకసారి.

"అది తుపాకుల పాత వాల్‌నట్ చెక్క వాసన. తెలిసినవాళ్ళు ఆ వాసన పీల్చడానికి డబ్బులిచ్చి మరీ వస్తారు."

"అలాంటివాళ్ళుంటే పిలువు. గుమ్మం దగ్గర కూర్చుని టికెట్లు నేను చించుతాను."

ఏడాదికి రెండుసార్లు సంత మైదానంలో తుపాకుల సంత జరుగుతుంది. అక్కడికి వెళ్ళేవాళ్ళు అమ్మదలచుకున్న తుపాకీని భుజాన వేసుకుని, దాని గొట్టంలో ఒక పుల్ల గుచ్చి, పుల్లకి ధర రాసిన కాగితం అంటించుకుని తిరుగుతారు. వెర్లిన్ కూడా అలాగే తిరిగేవాడు. కాకపోతే అతని కాగితం మీద ధర ఎంతుండేదంటే, చదివినవాళ్ళు ఒకసారి కాగితాన్నీ, ఒకసారి అతని మొహాన్నీ చూసి దారిచ్చేవాళ్ళు. అమ్ముడుపోతుందేమోనని అతనికి భయం. సాయంత్రానికి ఆ తుపాకీ క్షేమంగా ఇంటికి వచ్చేది, తోడుగా ఇంకొకదాన్ని వెంటబెట్టుకుని.

ఆ సంతలో వెనక గోడ దగ్గర కొన్ని బల్లలుంటాయి. వాటి మీద ఆకుపచ్చ గుడ్డ పరిచి ఉంటుంది. అక్కడ ధర కాగితాలు పెట్టనివ్వరు, అమ్మనివ్వరు. పాత ఆయుధాల సంఘం వాళ్ళవి అవి. వెర్లిన్ కన్ను ఆ బల్లల మీద పడింది. ఆ ఆకుపచ్చ గుడ్డ వెనక కుర్చీ వేసుకుని కూర్చుంటే తప్ప తను సేకర్తనని ఊరు ఒప్పుకోదని అతనికి అనిపించింది. సంఘానికి ఒక ఆచారముంది. కొత్తవాడికి బల్ల ఇవ్వాలంటే సంఘం పెద్ద ఒకరు అతని ఇంటికి వెళ్ళి ఉన్నవన్నీ చూడాలి, ఆ ఇంటి ఇల్లాలు పండ్లు పెట్టి కాల్చిన 'పై' రొట్టె తినాలి, ఆ తరువాత అవునో కాదో చెప్పాలి.

వెర్లిన్ బల్ల కావాలని అడిగాడు. ఆ పెద్ద రావడానికి ముందు వారమే మొగుడూ పెళ్ళాలకి గది గురించి మాటామాటా పెరిగింది.

"సేకరణని విడదీయకూడదే ఒలీటా. విడదీస్తే విలువ పోతుంది."

"ఇది సేకరణని నీకెవరు చెప్పారు?"

"ఒకళ్ళు చెప్పాలా? కనపడట్లా?"

"గడ్డివాములో గడ్డి కూడా చాలానే కనపడుతుంది."

"మరి నీ గుడ్డపేలికలు నాలుగు పెట్టెలు! అదేంటి?"

"నావాటిని నేను కత్తిరిస్తాను, కుడతాను, ఎవరికో చలికి కప్పుతాను. నువ్వు నీవాటి మీద దుమ్మైనా దులపవు."

ఆ దుమ్ము మాట వెర్లిన్‌కి ముల్లులా గుచ్చుకుంది. పౌరుషం వచ్చింది. "సంఘం నుంచి ఓర్వల్ క్రాబ్‌ట్రీ వచ్చి చూసి ఇది సేకరణేనన్నాడనుకో, ఈ గది ఊసు నువ్వు జన్మలో ఎత్తకూడదు," అన్నాడు.

"కాదన్నాడనుకో, గది నాది," అంది ఒలీటా. "వచ్చే గురువారానికి."

చేతులు కలుపుకున్నారు. ఆ కొండల్లో చెయ్యి కలిపాక మాట తప్పితే దాణా కొట్టులో కూడా అప్పు పుట్టదు.

ఓర్వల్ క్రాబ్‌ట్రీ గురించి కూడా రెండు ముక్కలు చెప్పాలి, ఆయనేదో మహర్షి అనుకుంటారేమో. ఎనభై దాటిన మనిషి. ఫలహారశాలలోకి ఆయన వస్తున్నట్టు కనపడితే కాఫీ తాగేవాళ్ళు నాలుక కాల్చుకుని మరీ తాగేసి లేచిపోతారు. దొరికినవాడికి ఒక్క మరమేకు గురించి పూట గడిచేదాకా చెబుతాడు. పూర్వం టర్నిప్ క్రీక్ ఒడ్డున ఆసా ప్రేథర్ అని ఒక కమ్మరి ఉండేవాడు. నాగళ్ళ మధ్య తీరిక దొరికినప్పుడు వేట తుపాకులు చేసేవాడు. ఆ కమ్మరి చేతివి తప్ప ఓర్వల్ ఇంకేవీ కొనడు. మంచివి రెండిచ్చి అంతకన్నా మంచిది ఒకటి తెచ్చుకుంటాడు. అందుకని ఆయన దగ్గరున్నవి ఏటేటా తగ్గుతూ వచ్చాయి, అదే ఆయన గొప్ప. "మా బల్ల దగ్గర నాకన్నా ఆ చచ్చిన కమ్మరే ఎక్కువ భోజనాలు చేశాడు," అనేదట ఆయన భార్య, బతికున్న రోజుల్లో.

ఓర్వల్ వస్తాడని తెలిసిన దగ్గర్నుంచీ వెర్లిన్ గరాజులోనే ఉన్నాడు. ఇనుప తీగల చక్రం గిర్రున తిరిగే చప్పుడు రోజంతా వంటింట్లోకి వినపడేది. దుమ్ము మాట అంతగా పని చేసింది. మకిలిపట్టినవన్నీ అరగదీశాడు. అరగదీసినవాటికి ఇనుముని నల్లబరిచే సీసా మందు పూశాడు. చెక్కలకి నేల తుడిచే పాలిషు పట్టించాడు. ఆ మకిలివాటిలో ఒక పొడుగాటి పాత తుపాకీ కూడా ఉంది. ఎప్పుడో ఒక వేలంలో గడ్డి కోసే మిషను కొంటే దాంతో పాటు వచ్చింది. గొట్టమంతా నేరేడుపండు ఛాయ గోధుమ రంగు. చెక్క విరిగిన చోట ఒక రేకు ముక్క చుట్టి చిన్న చిన్న మేకులు కొట్టి ఉంది.

"ఆ రేకు బావుందయ్యా, ఉండనీ," అంది ఒలీటా, కాఫీ ఇవ్వడానికి వెళ్ళి.

"చింపిరి బొంతకి మాసిక వేసినట్టుంది. పెద్దమనిషి చూస్తే పరువు పోతుంది," అని దాన్ని పటకారుతో పీకేసి చెత్త తగలేసే పీపాలో విసిరాడు.

శనివారం మధ్యాహ్నం ఓర్వల్ వచ్చాడు. ఆదివారం చొక్కా వేసుకుని వచ్చాడు. వెర్లిన్ గది తలుపు తీసి పెళ్ళికొడుకులా పక్కన నిలబడ్డాడు. గది మెరిసిపోతోంది. అందులో నుంచి పాలిషు వాసన, ఆ వెనకాల ఆ పాత ముక్కవాసన.

ఓర్వల్ గుమ్మంలోనే ఆగి చాలాసేపు చూశాడు. తరువాత ఒకదాన్ని వేలితో చూపించాడు. "దీన్ని ఎందుకు కొన్నావు అబ్బాయ్?"

అరవై దాటిన వెర్లిన్ ఆ 'అబ్బాయ్' అన్నందుకు పొంగిపోయాడు. "చవగ్గా వచ్చింది సార్."

"ఇది?"

"దానికి తోడుగా ఉంటుందని."

"ఇది?"

"ఇంకొకడు కొనబోయాడు సార్. నేనూరుకుంటానా?"

"దీన్ని చేసిందెవరు?"

"దాని మీద ఉంటుంది చూడండి... ఉండేది. అరగదీయడంలో పోయినట్టుంది."

గుమ్మం అవతల పై రొట్టె పళ్ళెం పట్టుకుని నిలబడ్డ ఒలీటాకి నవ్వు రావలసింది. రాలేదు. వెర్లిన్ చెవులు ఎర్రబడటం ఆమెకి కనపడింది. పందెం తనదేనని తెలుస్తూనే, ఈ ముసలాయన ఒక్క మంచి మాట అంటే బావుండునని కూడా అనిపించింది.

ఓర్వల్ అక్కడితో ఊరుకుని ఉంటే అంతా ఒక పై ముక్కతో అయిపోయేది. కానీ ఆయన చూపు కిటికీ దగ్గర ఆగింది. వెళ్ళి ఆ పొడుగాటి తుపాకీని రెండు చేతులతో ఎత్తాడు, పసిబిడ్డని ఎత్తినట్టు. గొట్టం తళతళలాడుతోంది. చెక్క బల్లలా మెరుస్తోంది. విరిగిన చోట జిగురు పెట్టి అతికించిన గీత, దాని చుట్టూ చీమ తల లాంటి చిన్న చిన్న రంధ్రాలు. ఓర్వల్ వేలు ఒక్కొక్క రంధ్రం మీదా ఆగుతూ వెళ్ళింది.

"ఇక్కడ ఒక రేకు ఉండాలి," అన్నాడు.

"ఉండేది సార్. నేనే తీసేశాను. ఇప్పుడు చూడండి, ఎంత నున్నగా ఉందో!"

"రాగి రేకా?"

"రాగో రప్పో. వంకరగా ఉండేది."

ఓర్వల్ అట్టపెట్టెల మీద కూలబడ్డాడు. "వంకర ఎందుకుండదు? అది కళాయి ముక్క. ఈ తుపాకీ మీద కంచరగాడిద దొర్లి చెక్క విరిగితే, ఇంటావిడ ఆపిల్ ఉడికించుకునే తన రాగి కళాయిని కత్తిరించి ఇచ్చింది. ఆసా ప్రేథర్ దాన్ని చుట్టి మేకులు కొట్టాడు. మా తాత చూశాడు దీన్ని. నాకు చెప్పాడు. నేను పొట్టినిక్కరు వేసుకున్న నాటి నుంచీ వెతుకుతున్నాను." ఆయన అట్టపెట్టెల సందుల్లోకి తొంగి చూశాడు. "ఎక్కడ పారేశావు?"

"చెత్త పీపాలో."

"తగలేశావా?"

"మొన్న తగలేశాను."

ఆ తరువాత జరిగింది ఒలీటా ఎప్పటికీ మరిచిపోలేదు. ఎనభై ఏళ్ళ మనిషి పెరట్లోకి పరుగులాంటి నడకతో వెళ్ళి, ఆదివారం చొక్కా చేతులు మడవకుండానే పీపాలో భుజాల దాకా దిగిపోయాడు. బూడిద తీసి పచ్చగడ్డి మీద పోశాడు. కరిగిన ప్లాస్టిక్కు, డబ్బా మూతలు, కోడి ఎముకలు. వెర్లిన్ పక్కన నిలబడి, "సార్, నేను తీస్తాను, సార్, మీ చొక్కా," అంటూనే ఉన్నాడు. చివరికి ఆయన నల్లటి ముక్క ఒకటి పైకి తీసి, ఉమ్మి తడి చేసి, చొక్కాకే తుడిచాడు. ఒక అంచు ఎర్రగా మెరిసింది.

"దొరికిందిగా సార్!" అన్నాడు వెర్లిన్, ఊపిరి పీల్చుకుని. "తుపాకీ కూడా తీసుకోండి. మీరు కాబట్టి మంచి ధర చూసి ఇస్తాను." అలాంటి మాట అతని నోట రావడం ఒలీటా వినడం అదే మొదలు.

"వద్దు. అది నీదే ఇక. ఆసాది కాదు," అని ఓర్వల్ ఆ రేకుని జేబురుమాలులో చుట్టి జేబులో పెట్టుకున్నాడు.

ఆచారం ఆచారమే కాబట్టి చేతులు కడుక్కుని పై తిన్నాడు. రెండు ముక్కలు తిన్నాడు. దుఃఖం ఆయన ఆకలినేం చెయ్యలేదు. రెండో ముక్క అయ్యాక ఒలీటా ఎదురుగా కూర్చుని అడిగేసింది.

"ఓర్వల్ గారూ, ఒక్క మాట చెప్పండి. మా ఇంట్లో ఉన్నది సేకరణేనా, కాదా?"

ఆయన వెర్లిన్ వైపు చూడలేదు. "పశువుల వేలానికి నలుగురూ తోలుకొచ్చినవాటిని ఒక దొడ్లో నిలబెడితే మంద అవుతుందా తల్లీ? మందంటే దానికొక కాపరుండాలి. ఏ దూడ ఏ ఆవుదో వాడికి తెలియాలి. పనికిరానిదాన్ని అమ్మేటప్పుడు వాడికి నిద్ర పట్టకూడదు, అయినా అమ్మాలి." లేచి టోపీ పెట్టుకున్నాడు. "పై మాత్రం చాలా బావుంది."

ఆయన బండి మలుపు తిరిగేదాకా వెర్లిన్ గుమ్మంలో నిలబడి చెయ్యి ఊపాడు. తిరిగాక, "కుళ్ళుమోతు," అన్నాడు. "వాడిదేమో సేకరణ, నాదేమో పశువుల దొడ్డి! గది నిండా తుపాకులుంటే చెత్తలోంచి రేకుముక్క ఏరుకుపోయాడు. వాడికి మతి లేదే."

"గది," అంది ఒలీటా.

వెర్లిన్ మాట తప్పలేదు. ఒక్కటి కూడా అమ్మనూ లేదు. అన్నీ గరాజులోకి చేరేశాడు, ఖాళీ అట్టపెట్టెలతో సహా. చోటు చాలక తన పికప్పు బండిని బయట పెట్టాడు, ఆ వారమే పడిన వడగళ్ళకి దాని నెత్తి చొట్టలు పోయింది. ఆ పొడుగాటి తుపాకీని మాత్రం టీవీ పైన తగిలించాడు. ఓర్వల్ అంతటివాడు కూలబడిపోయాడంటే అందులో ఏదో ఉండి తీరాలని అతని లెక్క.

ఖాళీ అయిన గదిలో అట్టపెట్టెలుండే మూలన, స్నానాలగది గోడ పక్కగా, నేల మీద నల్లటి మరక బయటపడింది.

"ఇదేంటయ్యా?"

"తుపాకుల నూనె. చెక్క తాగింది. మంచిదే, చెద పట్టదు."

ఒలీటా దాని మీద తన తల్లి అల్లిన చాప పరిచింది. కోళ్ళని తోలి, చట్రాన్ని దించి, మూడుసార్లు కడిగింది. రంగులు తనే ఎంచింది. ఆవపువ్వు పసుపు, ముదురు నీలం, జెరల్డీన్‌కి సరిపడని ఎరుపు.

గురువారం ఆడవాళ్ళంతా వచ్చారు. చివరన జెరల్డీన్ వచ్చింది. గది చుట్టూ ఒక చూపు చూసింది.

"బుల్లి గదేనే పాపం. పోనీలే, వెలుతురుంది. ఈ ఎరుపేంటి ఒలీటా, కసాయి కొట్టులా?"

"మా అమ్మకిష్టం," అంది ఒలీటా. ఈ ఒక్క రోజూ ఎవరు విప్పమన్నా ఒక్క కుట్టు విప్పేది లేదని అనుకుంది.

"సర్లే. నాకు వెలుతురు కావాలి. కిటికీ పక్కన నేను కూర్చుంటా," అని జెరల్డీన్ ఒక కుర్చీని ఈడ్చుకెళ్ళి చాప మీద వేసుకుని దర్జాగా కూర్చుంది. సూదిలో దారం ఎక్కించింది. ముందుకి వంగి, పక్కామె కుట్టు వైపు వేలు చూపించి, "ఇది కుట్టా, కోడి గీకిందా..." అంటూండగా నేల మూలిగింది.

తరువాత పెద్ద చప్పుడు. ఆ చప్పుడుకి గరాజులో ఉన్న వెర్లిన్ దొంగలనుకున్నాడు. అన్ని తుపాకుల్లో దేనికి ఏ తూటా సరిపోతుందో దొరక్క, చివరికి ఖాళీ తుపాకీ ఒకటి పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. వచ్చేసరికి గది మూలన నేల లేదు. చాప లేదు. నడుము దాకా గోతిలో జెరల్డీన్ ఉంది, చేతిలో సూది అలాగే ఉంది. ఆమె పక్కన పుచ్చిపోయిన దూలం ముక్కలు, వాటి మీద స్నానాలగది గొట్టంలోంచి టప్పు టప్పుమని నీళ్ళు. ఏళ్ళ తరబడి ఖాళీ అట్టపెట్టెల చాటున కారుతున్న నీళ్ళు. వాల్‌నట్ చెక్క వాసన అదే.

వెర్లిన్ ఆ గోతిని చూశాడు, ఆడవాళ్ళని చూశాడు. "నా తుపాకులున్నన్నాళ్ళూ నిలబడింది!" అన్నాడు.

"వెర్లిన్, నోరు మూసి చెయ్యందించు," అంది జెరల్డీన్.

దెబ్బలేం తగల్లేదు, పరువుకి తప్ప. ఒలీటా ఆమె జుట్టులోంచి సాలెగూడు తీస్తుంటే, జెరల్డీన్ అందరి వైపూ ఒకసారి కళ్ళు తిప్పి, తరువాత గొంతు తగ్గించి అంది.

"ఇది ఈ గది దాటి పోకూడదు."

"నాకేం పని చెప్పడానికి?" అంది ఒలీటా, ఇంకో పోగు తీస్తూ. "వచ్చే గురువారం కూడా ఇక్కడేగా మరి?"

జెరల్డీన్ ఒకసారి గోతి వైపు చూసింది. "ఇక్కడే," అంది.

"రంగులు?"

"నువ్వే చూసుకో."

మర్నాడు వెర్లిన్ దూలాలు కొనడానికి వెళితే, ఎందుకని అడిగారు. నేల కూలిందన్నాడు. "నీ తుపాకుల బరువుకేనా?" అన్నాడు కొట్టువాడు నవ్వుతూ. వెర్లిన్ ఆ మాటని ఒక్క క్షణం చేతిలో పట్టుకుని చూశాడు. ఇన్నేళ్ళ వేలాల్లో అంత చవగ్గా, అంత మంచిది అతనికెప్పుడూ దొరకలేదు. "మరి దేనికి?" అన్నాడు. ఆదివారానికి అది చర్చి మెట్ల దాకా వచ్చింది. అక్కడ జెరల్డీన్ దానికి ఒట్టు కూడా జోడించింది. తిలాపాపం తలా పిడికెడు. గురువారాలు ఒలీటా ఇంట్లోనే సాగుతున్నాయి, ఎర్ర బొంత పూర్తయి ఎవరి మంచం మీదో ఉంది. పాత ఆయుధాల సంఘం బల్ల మీద, ఆకుపచ్చ గుడ్డ నడుమ, తుపాకీ లేని చోట ఒక రాగి రేకు ఉంది.

నేల కూలిన మధ్యాహ్నం ఆ గదిలో తుపాకీ ఒక్కటి కూడా లేదు. కిటికీ పక్కన కుర్చీలో జెరల్డీన్ ప్రూయిట్ ఉంది.